మొదటి లీటరు

స్టార్టరు తాడు రాలేదు. మేస్త్రీ మిషన్ మీద ఎడమ మోకాలు ఆనించి, రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ లాగాడు. రెండంగుళాలు వచ్చి ఆగిపోయింది. గోడలో దిగిన మేకును లాగుతున్నట్టుంది.

"ఇదీ లోపల బిగిసి పట్టేసింది," అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ సూపర్‌వైజరు చేతిలో ఉన్న ఫైలుతో తొడ మీద మెల్లగా కొట్టుకుంటున్నాడు. ఊళ్ళో పార్కులన్నిటికీ కలిపి ఎనిమిది గడ్డికోత మిషన్లు. పది రోజుల్లో మూడు పోయాయి. మూడూ వర్క్‌షాపు నేలమీద కాళ్ళు చాపేసిన మిడతల్లా పడి ఉన్నాయి. మూడూ ఒకే మనిషి చేతిలో పోయినవి.

ఆ మనిషి గుమ్మం బయట నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా తొడుగులు, మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు, చెవి పక్కన అంటుకున్న గడ్డిపోచ. డిపోలో అందరూ ఆమెను చాటుగా తొలికోడి అంటారు, ఎదురుగా అక్కా అంటారు. వాచ్‌మన్ గేటు తీసేసరికి ఆమె అక్కడ లేని రోజు లేదు.

మేస్త్రీ సైలెన్సర్ విప్పాడు. రెండే బోల్టులు. అది ఊడి రాగానే సిలిండర్ పక్కన బొటనవేలంత కిటికీ కనబడింది. అందులోకి టార్చి వేసి కన్ను దగ్గరగా పెట్టాడు. అద్దంలా మెరవాల్సిన పిస్టన్ ఒంటినిండా నిలువు గీతలు, పిల్లి గోకినట్టు.

"ఆయిల్ తగల్లేదు," అన్నాడు.

"అంటే కలపలేదనేగా?"

మేస్త్రీ భుజాలెగరేశాడు. ఈ చిన్న ఇంజన్లలో ఆయిల్‌కి వేరే చోటు లేదు. పెట్రోల్లో కలిపి పోస్తేనే లోపలికి పోతుంది. లీటరుకు చిన్న మూతెడు. ఆ మూతెడు పడకపోతే ఇనుము ఇనుమును కొరుక్కుతింటుంది. ఇందులో ఆలోచించడానికేముంది? మిషన్ మరమ్మతు కార్డు తీసుకుని, మొదటి రెండు మిషన్లకూ రాసిన మాటే మూడోసారి రాశాడు: 'ఆయిల్ కలపకుండా నడిపినందువల్ల.'

సూపర్‌వైజరు దాన్ని పైకి చదివాడు. బయట ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

"కలిపాను సార్," అంది ఆమె.

"మూడుసార్లూ కలిపావా?"

"మూడుసార్లూ."

"మరి మిషన్లకేమైనా నీమీద పగా అమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రేపట్నుంచి ఆమె చేత్తో కలుపు తియ్యాలి, రాలిన ఆకులు ఎత్తాలి. మిషన్ ఇంకొకరికిస్తారు. ఆమె మెడలోంచి కళ్ళద్దాలు తీసింది, చీర కొంగుతో రెండు వైపులా తుడిచింది, గోడకున్న కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది. మేస్త్రీ అప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, చాలాసేపు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె వర్క్‌షాపులోకి వచ్చింది. గోళ్ళనిండా మట్టి.

"ఒక్కమాట అడగొచ్చా మేస్త్రీగారూ?"

"కార్డు మార్చమంటే కుదరదు."

"మార్చమనడం లేదు. ఆయిల్ లేదని మీకెలా తెలిసిందో అడుగుదామని."

ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బాగవుతుందా, ఎప్పటికవుతుంది, ఇంతే అడుగుతారు. మేస్త్రీ టిఫిను డబ్బా మూతపెట్టి లేచాడు. విప్పి పెట్టిన పిస్టన్‌ను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె చూపుడువేలి గోటితో గీతల మీద పైనుంచి కిందికి గీసింది.

"పొగ వచ్చే వైపే ఎక్కువున్నాయి."

"అటే వేడెక్కువ. ఆయిల్ తక్కువైతే ముందు అక్కడే అంటుకుంటుంది."

"ఆయిల్ లేకపోతే పొగ కూడా ఉండదు కదండీ?"

"ఉండదు. ఆ తెల్లపొగ ఆయిల్‌దే."

"మొదలెట్టినప్పుడు పొగ వచ్చింది. కాసేపటికి పోయింది. సౌండు సన్నబడింది, గొంతు కీచుమన్నట్టు. ఆ తర్వాత ఆగింది." ఆమె పిస్టన్‌ను బల్ల మీద జాగ్రత్తగా, దొర్లకుండా నిలబెట్టింది. "క్యాను ఒకటే. సగానికి ఆయిలుండి సగానికి లేకుండా ఎలా ఉంటుంది?"

"కదపకుండా పోసుంటావు."

"కదిపాను. నీలంగా వచ్చింది కూడా. మన ఆయిలు రంగదేగా. కాకపోతే..."

"కాకపోతే?"

"అద్దంలా లేదు. మబ్బుపట్టినట్టుంది."

"ప్లాస్టిక్ క్యాను. అందులో ఏదైనా అలాగే కనబడుతుంది," అన్నాడు మేస్త్రీ. ఆమె సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయింది.

అతను మళ్ళీ డబ్బా తెరిచాడు గానీ అన్నం మీదికి మనసు పోలేదు. ఆ ప్రశ్న పంటి సందులో పీచులా ఇరుక్కుంది. సగానికి ఉండి సగానికి లేకుండా. మొండిగా వాదించి ఉంటే మరిచిపోయేవాడే. ఆమె వాదించలేదు.

బుధవారం పొద్దున కొత్తగా మిషన్ తీసుకున్నవాడు తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చాడు, పెట్రోలు పట్టుకున్నాడు, ఆయిల్ కలుపుకున్నాడు, సాయంత్రం దాకా కోశాడు. మిషన్ తుమ్మనైనా తుమ్మలేదు.

"చూశారా మరి?" అన్నాడు సూపర్‌వైజరు, కేసు తేలిపోయినట్టు.

మేస్త్రీ చూశాడు. చూసి కూడా కుదుటపడలేదు. వాడు ఆయిల్‌ను కొలవలేదు. మూత వాడకుండా సీసా వంచి కంటి అంచనాతో పోశాడు. అయినా వాడి మిషన్‌కి ఏమీ కాలేదు.

ఆ రోజు మేస్త్రీ పాత మిషన్లలోంచి తీసిన బేరింగులు కడిగే పని పెట్టుకున్నాడు. ఎనిమిది కాకముందే స్టోరు వెనక షెడ్డులోకి రేకు పళ్ళెం పట్టుకెళ్ళి, పెట్రోలు పీపా కుళాయి తిప్పి లీటరు పట్టుకొచ్చాడు. తొలికోడి ఇప్పుడు కుళాయి దగ్గరికి రావడం లేదు కాబట్టి ఆ పొద్దుట మొదటి పెట్రోలు అతనిదే. నాలుగు బేరింగులూ కుంచెతో శుభ్రంగా కడిగి, పాత పేపరు మీద ఆరబెట్టి సాయంత్రం ఇంటికి వెళ్ళాడు.

గురువారం వచ్చి చూస్తే బేరింగులు తుప్పు పట్టి ఉన్నాయి.

మేస్త్రీ ఒకదాన్ని వెలుగులోకి పట్టుకుని తిప్పాడు. నారింజ రంగు చుక్కలు, ఆవగింజలంత. బేరింగు తిరుగుతుంటే కరకరమంటోంది. పెట్రోల్లో కడిగిన ఇనుము ఒక్క రాత్రిలో తుప్పు పట్టడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నీళ్ళు తగిలితే తప్ప ఇలా కాదు, తను కడిగింది పొద్దుట మొదట పట్టిన పెట్రోలుతో. తర్వాత ఒక్క ఉదుటున లేచి షెడ్డుకి పరిగెత్తాడు. ఇంకా ఎవరూ రాలేదు. ఒక క్యానులో మొదటి లీటరు పట్టాడు. తర్వాత బక్కెట్టు పెట్టి పదిహేను లీటర్లు వదిలి, ఇంకో క్యానులో మరో లీటరు పట్టాడు.

అతని భార్య ఆస్పత్రి మందుల గదిలో కాంపౌండరు. వీధి చివరే ఆస్పత్రి. కిటికీ ముందు అప్పటికే వరస కట్టిన జనం. వాళ్ళ భుజాల మీదుగా తల పెట్టాడు.

"కొలత గ్లాసు ఒకటి కావాలి. పొడుగ్గా, గీతలుంటాయే, అది."

"ఎందుకు?" ఆమె మాత్రలు లెక్కపెడుతూ తలెత్తకుండానే అడిగింది.

"పెట్రోలు పోసి చూడాలి."

"మీ పెట్రోలు వాసన గ్లాసుకి పట్టిందంటే అందులోనే దగ్గుమందు కొలిచి మీచేతే తాగిస్తాను."

"తాగుతాలే. రెండున్నాయా?"

ఆమె అప్పుడు తలెత్తి అతని మొహం చూసింది. పెళ్ళినాటి నుంచీ ఆ మొహాన్ని ఎరిగిన మనిషి. ఇంకేమీ అడక్కుండా అంచు విరిగిన గ్లాసులు రెండు పేపర్లో చుట్టి కిటికీలోంచి ఇచ్చింది. "అడుగు పగలగొట్టకండి," అంది.

వర్క్‌షాపు కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేలా రెండు గ్లాసులూ నిలబెట్టాడు. ఒకదాంట్లో మొదటి లీటరు పెట్రోలు, రెండోదాంట్లో తర్వాత పట్టినది. రెంటిలోనూ నీలం ఆయిల్ సరిగ్గా కొలిచి వేశాడు. అరచేత్తో మూతులు మూసి తలకిందులుగా ఊపాడు. రెండోది లేత నీలంగా, అవతలి గోడ మీది క్యాలెండరు అంకెలు కనబడేంత తేటగా వచ్చింది. మొదటిది మబ్బుపట్టింది. ఆమె అన్న మాటే. ప్లాస్టిక్ తప్పేమీ లేదు.

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. టీ తెచ్చిపెట్టారు, చల్లారిపోయింది. ఎవరో రంపం పదును పెట్టమని వచ్చి, అతను పలక్కపోయేసరికి వెళ్ళిపోయారు. గ్లాసు అడుగున చిన్న చిన్న బుడగలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కలుస్తున్నాయి. నలభై నిమిషాలకి మబ్బు విడిపోయింది. పైన నీలం, కింద నీళ్ళలా తేట, మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

కింది దాన్ని సన్నని గొట్టంతో పీల్చి తెల్లకాయితం మీద చుక్క వేశాడు. పక్కన పై దాని చుక్క. రెండూ ఆరాక పై చుక్క చోట నూనె మరక మిగిలింది. కింది చుక్క చోట ఏమీ మిగల్లేదు. దాన్నే వేళ్ళ మధ్య రుద్దాడు. జారలేదు, కీచుమంది. ఇనపరేకు మీద పోసి అగ్గిపుల్ల చూపించాడు. అంటుకుంది! నీళ్ళయితే అంటుకోవు. లేత మంట, కళ్ళకు ఆనీ ఆననట్టు.

నీళ్ళు కాదు. నీళ్ళూ, ఇంకేదో. మండుతుంది కాబట్టి ఇంజను నడుస్తుంది. ఆయిల్ అందులో కలవదు కాబట్టి పైనే తేలుతుంది. మిషన్ ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం ఉండేది అడుగున. ఆయిల్ లేని ఆ అడుగునే ఇంజను తాగుతుంది, తాగినంతసేపు పరిగెత్తుతుంది, పరిగెత్తి పరిగెత్తి పట్టేస్తుంది. సగానికి ఉండి సగానికి లేకుండా.

మేస్త్రీ పైకే "అబ్బా!" అన్నాడు. ఎవరూ లేరు గానీ ఎవరికైనా చూపించాలని చుట్టూ చూశాడు.

ఆ సంబరం షెడ్డు దాకానే నిలిచింది. చూరు రేకు చిల్లిలోంచి రాత్రి వాన నీరు ఇంకా ఒక్కో చుక్కా సరిగ్గా పీపా మూత మీద పడుతోంది. మూత వదులు. లోపలికి దిగిన తడి అడుగున చేరుతుంది. కుళాయి కూడా అడుగునే. రాత్రంతా పేరుకున్నది పొద్దున మొదట పట్టుకున్నవాళ్ళకే వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మంచి పెట్రోలు.

"అందులో నీళ్ళు కాకుండా ఇంకేం కలుస్తోంది?" అని స్టోర్‌కీపరును అడిగాడు.

స్టోర్‌కీపరు ఏ కాయితమూ పారెయ్యని మనిషి. అన్నిటినీ ఇనపఊచకు గుచ్చి పెడతాడు. "మందే కదండీ. మీరు పొయ్యమన్నదే," అంటూ ఊచ కిందికి పెట్టుకుని, చాలా కిందనుంచి ఒక చీటీ లాగి ఇచ్చాడు.

మేస్త్రీ చేతిరాతే. 'పెట్రోల్లో నీరు వచ్చి మిషన్లు స్టార్టు కావడం లేదు. నీళ్ళు విరిచే మందు సీసాడు పీపాలో పొయ్యవలెను.' కింద సంతకం.

"ఒక్కసారికని రాశాను."

"ఒక్కసారని ఎక్కడుంది? కొత్త పీపా వచ్చినప్పుడల్లా పోస్తున్నాను. తప్పా?"

మేస్త్రీ అరలోంచి ఖాళీ సీసా తీసుకుని చీమల్లాంటి అక్షరాలు కంటికి దూరంగా పెట్టి చదివాడు. అది ఒకరకం స్పిరిటు. కొద్దిపాటి తడినైతే పెట్రోల్లో కలిపేసుకుంటుంది. అడుగున నీరు నిలిచి ఉంటే ముందు దాన్ని తీసేశాకే వాడాలట. ఎక్కువైన నీటిని మొయ్యలేక స్పిరిటు దాంతో కలిసి కిందికి దిగిపోతుందట. చీటీ రాసిన రోజున సీసా ముందువైపు బొమ్మ చూశాడే తప్ప వెనక్కి తిప్పలేదు. ఇదివరకు నీళ్ళొస్తే మిషన్ స్టార్టయ్యేది కాదు, అంతే. తన మందు పడ్డాక స్టార్టయి, నడిచి, చచ్చిపోతోంది.

"తప్పు మీది కాదు," అన్నాడు స్టోర్‌కీపరుతో.

శుక్రవారం పొద్దున రెండు గ్లాసులూ, చీటీ, మూడు కార్డులూ పట్టుకుని సూపర్‌వైజరు గదికి వెళ్ళాడు. సూపర్‌వైజరు గ్లాసును వెలుగులోకి పట్టి చూశాడు, మెల్లగా వంచి చూశాడు, బాగుందన్నట్టు తల ఊపాడు.

"సరే. వాననీరు దిగింది అని రాసెయ్యండి. వానకి మెమో ఇవ్వలేం కదా. రేపట్నుంచి ఆవిడకి మిషన్ ఇచ్చేద్దాం. గొడవుండదు."

"నీరొక్కటే అయితే మిషన్లు పోవు సార్. మందు నేను రాసింది."

"ఎందుకండీ తలకి చుట్టుకుంటారు? రిటైర్‌మెంటు దగ్గర పెట్టుకుని."

మేస్త్రీ నిలబడే మూడు కార్డుల మీదా పాత వాక్యం అడ్డంగా కొట్టేశాడు. కింద రాశాడు: 'ఆయిల్ సరిగానే కలిపారు. నేను చూడకుండా సూచించిన మందువల్ల పెట్రోలు విడిపోయింది.' పేరు రాసి సంతకం పెట్టాడు. మూడోసారి రాసేటప్పుడు కలం సిరా ఆగిపోయింది. విదిలించి మళ్ళీ రాశాడు.

"పనివాళ్ళందరి ముందూ చదవాలి. మొన్న అందరి ముందే చదివాం."

"అయితే మీరే చదవండి," అన్నాడు సూపర్‌వైజరు విసుగ్గా. "ఆ మూడు మిషన్లూ ఆదివారాలు వచ్చి బాగుచెయ్యండి. ఆఫీసు టైములో కాదు."

హాజరు తీసుకునే చోట మేస్త్రీ చదివాడు. చదవడం అలవాటు లేని గొంతు, రెండుచోట్ల తడబడింది. ఆ తర్వాత, తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చేవాడు, "ఐతే పెందలాడే రావడమే ఆవిడ చేసిన తప్పన్నమాట. నేనెప్పుడో చెప్పాను," అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. వాడు మెడలోంచి కళ్ళద్దాలు తీసి, "ఇంద అక్కా," అని ఇచ్చాడు. ఆమె వాటిని తుడిచి పెట్టుకుంది. మేస్త్రీ వైపు ఒకసారి చూసింది.

ఆదివారం డిపో అంతా బోసిగా ఉంది. మేస్త్రీ మూడో మిషన్ సిలిండర్‌ను సన్న గరుకు కాయితంతో గుండ్రంగా రుద్దుతున్నాడు. అడుగుల చప్పుడైతే తలెత్తాడు. ఆమే.

"సెలవురోజు కూడా ముందే వచ్చేశావా?"

"మీకొక సంగతి చెప్పాలి." ఆమె తిరగేసిన బక్కెట్టు మీద కూర్చుంది. "మొదటి రెండూ నాకు తెలియక పోయాయి. మీ చేతిలో ఉన్నది మాత్రం నేనే చంపాను."

మేస్త్రీ చెయ్యి ఆగింది.

"రెండోది పోయాక నాకు నిద్రపట్టలేదు. మర్నాడు కలిపిన పెట్రోల్లో కొంచెం గాజుసీసాలో పోసి పార్కు బెంచీ మీద పెట్టాను. గంట పైనే పట్టింది, రెండు ముక్కలైంది. కిందిదే ఇంజనును తినేస్తోందా కాదా అని అనుమానం. కింది దాన్ని మాత్రం మిషన్లో పోసి తాడు లాగాను. పదకొండు నిమిషాలు నడిచింది."

"చూస్తూ చూస్తూనా!"

"చూద్దామనే కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమనేవారు? నువ్వే నీళ్ళు పోశావు అనేవారు కాదా?"

అనేవాడే. మేస్త్రీ కిందికి చూసి, సిలిండర్ అంచు మీద వేలితో గుండ్రంగా రాశాడు. పిస్టన్ అరచేతిలో పెట్టుకుని ఆమె అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పొగ, సౌండు, మబ్బు. వరసగా, మెట్టు తర్వాత మెట్టు.

"అంటే ఆవేళ నువ్వు అడగడానికి రాలేదు."

"చెబితే మీరు వినరు. అడిగితే ఊరుకోలేరు," అంది ఆమె. మొహంలో నవ్వులేదు గానీ కళ్ళు కొంచెం చిన్నవయ్యాయి. "మూడో కార్డు మీద కూడా మీ పేరే రాసుకున్నారు. అది నాది. మార్చండి."

మేస్త్రీకి కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాడు. దాని బదులు ఇంకేదో కదులుతోంది లోపల, గురువారం పొద్దున తుప్పు చుక్కలు చూసినప్పటిలాంటిది.

"గంట పైనే పట్టిందన్నావు?"

"ఆ."

"నాకు నలభై నిమిషాలే పట్టింది. అదే పీపా."

"నేను ఎండలో పెట్టాను. బెంచీ అక్కడుంది."

"ఎండలోనా!" మేస్త్రీ సిలిండర్ పక్కన పెట్టేశాడు. "మూత బిగించావా, వదిలావా?"

"బిగించాను."

"అయితే ఎండకి తేడా వస్తుందా? వేడెక్కితే ఎక్కువసేపు కలిసుంటుందా?"

"ఆ సంగతి మీరు చెప్పాలి. మేస్త్రీ మీరు."

"నాకు తెలీదు," అన్నాడు మేస్త్రీ. ఆ మాట నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే వింతగా ఉంది. అప్పటికే లేచి అలమార వెతుకుతున్నాడు. పక్కన తీసిపెట్టిన చెడ్డ పెట్రోలు క్యాను దొరికింది, ఒకే సైజు సీసాలు రెండు దొరికాయి. ఆమె ఆయిల్ కొలిచి వేసింది, అతను ఊపాడు. రెంటిలోనూ నీలం మబ్బుపట్టింది.

ఒకదాన్ని ఆమె బయట గట్టు మీద ఎండలో పెట్టి దాని పక్కనే గొంతుక్కూర్చుంది. రెండోదాన్ని అతను లోపల నీడలో పెట్టి స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"మీదాంట్లో ఏమైనా కదిలిందా?" ఆమె బయటినుంచి కేకేసింది.

"ఇంకా లేదు. నీదాంట్లో?"

"లేదు."

"ఐతే మాట్లాడకు. చూడు," అన్నాడు మేస్త్రీ, సీసాకు ఇంకొంచెం దగ్గరగా వంగుతూ.